ధర్మవరం బంకమన్ను

మట్టిని పరీక్షించడమే నా ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం ఇచ్చేది అందుకే. అయినా ఒకానొక మట్టిని తడిపి, పిసికి, దంచి, ఎండబెట్టి, విరగ్గొట్టి చూసి కూడా అందులో ఏముందో కనుక్కోలేకపోయాను. కనుక్కోలేకపోవడం ఒక ఎత్తు, కనుక్కున్నానని అందరికీ చెప్పుకోవడం ఇంకో ఎత్తు. పెనుకొండలో పుట్టినవాణ్ణి, నాకు ఎత్తులకు కొదవేమిటి? మా ఇంట్లో నలుగురు కలిసి భోజనానికి కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. చెప్పిన ప్రతిసారీ కాస్త ఉప్పూ కారం కలుపుతారు. అందుకని అసలు పాళ్లు ఏమిటో నేనే రాసి పెడదామనుకున్నాను.

అప్పుడు నేను హిందూపురం బయట ఒక ఫౌండ్రీలో ఉండేవాణ్ణి. ఇనుము కరిగించి పోతపోసే చోటన్నమాట. పెద్దదేమీ కాదు. ఎక్కువగా నీళ్ల మోటర్ల పంపు బాడీలు పోసేవాళ్లం. చూడ్డానికి వచ్చిన వాళ్లందరి కళ్లూ కొలిమి మీదే ఉండేవి. ఎర్రగా కారే ఇనుము, ఎగిరే నిప్పురవ్వలు, పెళ్లిలో అందరూ పెళ్లికూతుర్ని చూసినట్టు అటే చూసేవాళ్లు. కానీ ఆ ఇనుముకు ఒళ్లు తీర్చేది ఇసుక. చెక్క అచ్చును పెట్టెలో పెట్టి, చుట్టూ ఇసుక పోసి గట్టిగా దిమ్మించి, అచ్చును మెల్లగా పైకి తీస్తే దాని ఆకారంలో ఒక గుంత మిగులుతుంది. దాన్నే మోల్డు అంటాం. అందులోకే ఇనుము పోసేది. చిక్కేమిటంటే ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఎవరి దారి వాళ్లదే. వాటి మధ్య రాజీ కుదర్చడానికి కొంచెం బంకమన్ను, కొంచెం నీళ్లు కావాలి. మా ఫౌండ్రీకి ఆ మధ్యవర్తి గుజరాత్ నుంచి బస్తాల్లో వచ్చేది. బెంటొనైట్ అని పేరు. పేరు పలకడం రానివాళ్లు బ్యాగు మన్ను అనేవాళ్లు.

ఇసుకలో మన్నెంత, నీళ్లెంత అని చూసే గది నాది. శాండ్ ల్యాబ్ అని తలుపు మీద రాసి ఉండేది. లోపల ఒక తక్కెడ, కరెంటు ఓవెను, ఇసుక కలిపే చిన్న మిషను, దంచే పరికరం, విరిచే పరికరం ఉండేవి. కలిపిన ఇసుకను గొట్టంలో పోసి మూడు దెబ్బలు దంచితే చిన్న గ్లాసంత దిమ్మ వస్తుంది. దాన్ని విరిచే పరికరంలో పెట్టి నొక్కుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. ఎంత ఒత్తిడికి విరిగిందో అంత దాని బలం. పచ్చిగా ఉన్నప్పుడు ఒకసారి, ఓవెనులో ఎండబెట్టాక ఒకసారి. చిన్నప్పుడు పెన్నా ఒడ్డున గూళ్లు కట్టి పడగొట్టి ఇంట్లో తిట్లు తిన్నాను, పెద్దయ్యాక అదే పనికి నన్ను సార్ అని పిలిచారు. తొలకరి వాన పడితే అందరికీ పొలమో బడో గుర్తొస్తుందంటారు. నాకు ఇప్పటికీ ఆ గదే గుర్తొస్తుంది. తడి ఇసుక వాసన, కిటికీలోంచి కనిపించే చింతచెట్టు, అవతల షెడ్డులో దిమ్మిసల చప్పుడు. ఆ గదిలో నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. నేనూ ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు. అట్లాంటి ఉద్యోగం మళ్లీ దొరకలేదు.

గోడకు అవతల పర్చేజ్ మేనేజర్ గది. ఫౌండ్రీ మొత్తానికి ఏసీ ఉన్న గది అదొక్కటే. ఆయన హిందూపురం మనిషి, మాటలో సగం కన్నడం. చెడ్డవాడు కాదు గానీ ఖాళీ జాగా కనిపిస్తే ఓర్చుకోలేడు. నా గది ఆయన కంటికి ఖాళీగా కనపడేది, నేను అందులో కూర్చుని ఉన్నా సరే.

"ఏమప్పా మట్టి సారూ, ఏం చేస్తాండావు?" అని తలుపు దగ్గర నిలబడి గది కొలతలు చూసుకునేవాడు. "ఈ గోడ తీసేస్తే బ్యాగులు ఈడనే దింపుకోవచ్చు. దుడ్లు పోసి కొన్న మన్ను ఆడ షెడ్డులో నానిపోతాండాది. నువ్వు చూస్తే ఊరికే ఇసుక విరగ్గొడతాండావు."

ఒకరోజు ఇదే మాట ఓనరు ముందు కూడా అన్నాడు. ఓనరు తక్కువ మాటల మనిషి. నా వైపు చూసి, "మీ ల్యాబుతో కంపెనీకి ఏం ఒరిగింది? ఒక్కటి చెప్పు" అన్నాడు. నాకు ఒక్కటీ తోచలేదు. తోచనప్పుడు నోరు మూసుకోవడం పెద్దల లక్షణం. నేను నోరు తెరిచాను.

"గుజరాత్ మన్ను అక్కర్లేకుండా మన చుట్టుపక్కల మన్నుతోనే మోల్డు కట్టొచ్చు సార్. పరీక్షించి చూపిస్తాను."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. మేనేజరు నవ్వాడు, ఓనరు నవ్వలేదు. "సరే, చూపించు. మన్ను దొరికితే గది నీది. దొరక్కపోతే గోడ తీసేస్తాం, నువ్వు డెస్పాచ్‌లో కూర్చుందువు" అన్నాడు. డెస్పాచ్ అంటే గేటు పక్కన లారీల పొగ పీలుస్తూ పెట్టెలు లెక్కపెట్టడం. నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నాను. అదీ ఇంకా దొరకని మన్ను.

అప్పట్నుంచి సెలవొస్తే మన్ను వేట. మొదటి శాంపిలు మా పెనుకొండ కొండ కిందిది. సొంతూరి మన్ను కదా, పక్షపాతంతో కొంచెం ఎక్కువసేపు దంచాను. అయినా గొట్టం నుంచి తీస్తుండగానే చెదిరిపోయింది. కొత్తచెరువులో నాతో చదువుకున్న స్నేహితుడు చెరువు ఒండ్రు పంపాడు. పేరుకే కొత్త, మన్ను తాతలనాటిది. దిమ్మ చక్కగానే నిలబడింది గానీ, కరిగిన ఇనుము తగలగానే కాలిన ఇటుకలా మారి పోతకు అతుక్కుపోయింది. ఉలీ సుత్తీ పట్టుకుని చెక్కాల్సి వచ్చింది. ఓబులదేవరచెరువు వైపు నుంచి వచ్చిన నల్లమన్ను బలానికి భేషుగ్గా ఉంది, కానీ దాన్నిండా సున్నపు రవ్వలు. వేడికి అవి గాలి వదిలి పోతను బొరుగుముద్దలా చేశాయి. గాండ్లపెంట ఎర్రమన్ను గురించి చెప్పను, ఆ ఊళ్లో మాకు చుట్టాలున్నారు.

ఈ మన్నంతా నేను సంచుల్లో వేసుకుని పెనుకొండ నుంచి రోజూ ఎక్కే పొద్దున ప్యాసింజరు రైల్లో హిందూపురానికి మోసేవాణ్ణి. ఒకరోజు ఎదురుగా కూర్చున్న చింతపండు బుట్ట అవ్వ నా సంచి మీద కాలు పెట్టుకోబోయి ఆగింది.

"ఏముండాదప్పా ఇందులో, రాయి మాదిరి ఉండాదే?"

"మన్నవ్వా."

"మన్నా? యాడికి తీసుకపోతాండావు?"

"హిందూపురానికి."

అవ్వ పక్కనున్నామె వైపు తిరిగింది. "పాపం, హిందూపురంలో మన్ను లేదంట" అంది. పెట్టె పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగేదాకా నవ్వుతూ ఉండడం తప్ప చేసేదేముంది.

అప్పటికి నాకు పెళ్లయి ఎక్కువ కాలం కాలేదు. మా ఆవిడది ధర్మవరం. మామ పట్టుచీరలు నేస్తాడు. ఆ ఇంట్లో పొద్దున లేచింది మొదలు మగ్గం చప్పుడే గడియారం. అత్త రాట్నం మీద దారం కండెలు చుట్టేది. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. కొత్తల్లుడితో ఎదురుపడి మాట్లాడేది కాదు. వంటింటి తలుపు చాటున నిలబడి, నాకు చెప్పాల్సింది మామకో, కూతురికో, వాళ్లెవరూ లేకపోతే పిల్లికో చెప్పేది. "అన్నం చల్లారిపోతాండాది అని చెప్పు" అని పిల్లితో అంటే నేను లేచి చెయ్యి కడుక్కునేవాణ్ణి. నేను కూడా జవాబు పిల్లికే చెప్పేవాణ్ణి. పిల్లి మాత్రం ఇద్దరి మాటా వినేది కాదు.

నా ముఖం చూసి మా ఆవిడ ఒకరోజు వాళ్లమ్మకు ఫోన్ చేసింది. "ఆయనకు బంకమన్ను కావాలంటమ్మా. గట్టిగా పట్టేది. మన వీధి వెనక బీడులో ఉంటుంది కదా, కొంచెం పంపు" అంది. అంతే మాట. ఏం చేసుకుంటాడని వాళ్లమ్మ అడగలేదు. అల్లుడు అడిగింది ఎందుకని అడగడం ఆ ఇంటి మర్యాద కాదు.

తర్వాతి ఆదివారం మామ రైల్లో పెనుకొండకు వచ్చాడు. భుజాన సంచి. సంచిలో ఉతికిన తెల్లగుడ్డ, గుడ్డలో మన్ను. ఊరికే మన్ను కాదు, లడ్డూలంత ఉండలు. అన్నీ ఒకే సైజు, అన్నీ నున్నగా, ఎండబెట్టి వరసగా పేర్చి ఉన్నాయి. నా బుర్రలో ఏమాత్రం తడి ఉన్నా ఆ ఉండలు చూసి ఒక ప్రశ్న మొలకెత్తాలి. భూమిలో మన్ను లడ్డూల్లా పండదు కదా. నాకు మాత్రం అత్తగారి పొందిక చూసి ముచ్చటేసింది. "ఎంత నీటుగా పంపింది మామా" అన్నాను. మామ మీసం సర్దుకుని, "మా ఇంట్లో ఏ పనైనా అట్లనే ఉంటాదప్పా" అన్నాడు.

ల్యాబులో ఆ ఉండల్ని పొడిచేసి, ఇసుకతో కలిపి, మూడు దెబ్బలు దంచాను. దిమ్మ గొట్టంలోంచి మెత్తగా, అంచులు పదునుగా బయటికొచ్చింది. పచ్చి బలం బ్యాగు మన్నుకు దగ్గర్లో ఉంది. ఇంకోదాన్ని ఓవెనులో పెట్టి ఎండబెట్టాను. కాసేపటికి గది నిండా కమ్మటి వాసన, బెల్లం పాకం వాసన. ఇంకే ఊళ్లోనైనా మనిషి తలెత్తి చుట్టూ చూసేవాడు. హిందూపురంలో అట్లా చూడరు. బెల్లం మండీ ఉన్న ఊరది. గాలి అటునుంచి వీస్తే ఊరంతా తియ్యగానే ఉంటుంది. నేను లేచి వెళ్లి కిటికీ మూసేశాను, బయటి వాసన లోపలికి రాకూడదని. నా జీవితంలో నేను మూసిన తలుపుల్లో, కిటికీల్లో ఇంత తెలివితక్కువగా మూసింది మరొకటి లేదు.

ఎండిన దిమ్మను విరిచే పరికరంలో పెట్టాను. ముల్లు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది. దిమ్మ విరగలేదు. పరికరం చెడిపోయిందేమోనని బ్యాగు మన్ను దిమ్మ పెట్టి చూశాను. అది ఎప్పటిలాగే విరిగింది. మళ్లీ ధర్మవరం దిమ్మ పెట్టాను. అది ఎప్పటికో, ఇష్టం లేనట్టు విరిగింది.

అప్పుడు చేయాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. మన్నును ఎర్రగా కాలే దాకా వేడిచేసి, కాలిపోయింది ఎంత, మిగిలింది ఎంత అని చూడాలి. నిజమైన మన్నైతే పెద్దగా తగ్గదు. ఇంకేదైనా కలిసుంటే కాలిపోయి బయటపడుతుంది. నేనది చేయలేదు. ఇంత మంచి మన్నును అనుమానించడం అమర్యాద అనిపించింది. పైగా అత్తగారు పంపింది. అత్తింటి మన్నును నిప్పుల్లో పెట్టి శీలపరీక్ష చేసేటంత కఠినుణ్ణి కాను.

నేరుగా ఓనరు దగ్గరికి పోయి, "దొరికింది సార్" అన్నాను. దారిలో కనిపించిన మోల్డర్లకు, క్యాంటీనులో, గేటు దగ్గర కూడా అదే మాట చెప్పాను. మేనేజరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "ధర్మవరంలో పట్టు ఉండాదని తెలుసు గానీ, మన్నుకు కూడా పట్టు ఉండాదని తెలీదప్పా" అన్నాడు. నేను చేయాల్సిన చమత్కారం ఆయన చేసేశాడని కొంచెం బాధపడ్డాను.

ఓనరు ట్రాక్టరు పంపాడు. మామ దగ్గరుండి అదే బీడులో తవ్వించి నింపించాడు. ఆ మన్నును ఎండబెట్టి, పొడిచేసి పంపు బాడీల మోల్డులకు కలిపాం. ఓనరు వచ్చి నిలబడ్డాడు, మేనేజరు కుర్చీ తెప్పించుకున్నాడు. మోల్డింగు మేస్త్రి అచ్చును పైకి తీశాడు. అచ్చుతో పాటే మోల్డులో సగం పైకి వచ్చింది. ఇంకోటి తీశాడు. అది గోడ గోడంతా నిదానంగా లోపలికి జారి కూర్చుంది, అలిసిపోయిన మనిషి చతికిలబడినట్టు. ఎట్లో నిలబడిన రెండు మోల్డుల్లో ఇనుము పోశారు. చల్లారాక విప్పి చూస్తే పంపు బాడీకి బదులు ఇసుక పొదిగిన ఇనుప ముద్దలు వచ్చాయి.

మేనేజరు కుర్చీలోంచి లేచి, "పంపు బాడీకి నీళ్లు లోపల్నుంచి పోవల్ల. ఇది ఇసుకను పంపేదట్ల ఉండాది" అన్నాడు. మోల్డర్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఓనరు వెళ్లిపోతూ నా దగ్గర ఆగి, "నెలాఖరుకు గది ఖాళీ చెయ్యి" అన్నాడు.

మర్నాడే నేనూ మా ఆవిడా ధర్మవరం పోయాం. మామ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. నేను నేల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. తలుపు చాటున రాట్నం ఆగింది.

"మామా, మొదట పంపిన మన్ను ఈ బీడుదేనా?"

"ఈ బీడుదే. నేనే తవ్వుకొస్తి."

"ట్రాక్టరుకు నింపింది?"

"అదే గుంతలోదప్పా. ఇంకా లోపలిది, మంచిది చూసి తవ్విస్తి."

"మరి అది ఇనుమైంది, ఇది బూడిదైంది. ఎందుకట్లా?"

మామ మగ్గం పలక లాగి, చేతిలోని దారపు నాడె వదిలాడు. ఆలోచిస్తున్నాడనుకున్నాను గానీ ఆయన వంటింటి వైపు చూస్తున్నాడు. అక్కణ్ణుంచి మాట వచ్చింది, పిల్లిని ఉద్దేశించి.

"ట్రాక్టరు మన్నులో ఏమన్నా కలిపినారంటనా అని అడుగు."

"ఏం కలపాలి?" అన్నాను, పిల్లితోనే.

"వట్టి మన్ను ఎట్ల పట్టుకుంటాది? మొదట పంపినప్పుడు నేను బాగా జల్లెడ పట్టి, రెండు దినాలు నానేసి, బెల్లం నీళ్లు పోసి, రాగిగంజి కలిపి తొక్కితిని అని చెప్పు. మా నాయన ఇల్లు కట్టేటప్పుడు సున్నంలోకి బెల్లం నీళ్లు పోసిరి. గట్టిగా పట్టేది కావాలంటిరి కదా. గట్టిగనే చేస్తిని."

"అమ్మా" అని మా ఆవిడ నుదురు కొట్టుకుంది. "మన్ను పంపమంటే మన్ను పంపాల గానీ, అందులోకి గంజి ఎందుకు పోస్తివి?"

"ఏమే, కొత్తల్లునికి వట్టి మన్ను పంపిస్తారా ఎవరన్నా? ఆయన నోరు తెరిచి అడిగిందే మొదటిసారి. ఉత్త మన్ను గుడ్డలో కట్టి పంపితే రేపు పెనుకొండలో మన ముఖాన ఏమంటారు? పెద్దదాని మొగుడు వేరుశనక్కాయలు అడిగితే వేయించి, బెల్లం కలిపి పంపలేదా?" గొంతు తగ్గించి, "బెల్లం తక్కువాయెనేమో అడుగు. ఆ పొద్దు ఇంట్లో కొంచెమే ఉండె" అంది.

మామ నాడె పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. శబ్దం లేని నవ్వు, మగ్గమంతా కదిలింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియక నీళ్లడిగాను. చెంబు తలుపు దగ్గరికి వచ్చింది. నీళ్లలో కూడా ఏమైనా కలిపిందేమోనని వాసన చూసి తాగాను. అది చూసి మా ఆవిడ నవ్వింది. ఆ ఇంట్లో నన్ను చూసి అందరూ కలిసి నవ్వడం అదే మొదలు. అక్కణ్ణుంచి నేను కొత్తల్లుణ్ణి కాకుండా పోయాను. అత్త కూడా ఆ సాయంత్రమే తలుపు చాటు వదిలి బయటికి వచ్చి, "పోనీలేప్పా, ఇంకొక మన్ను చూద్దాం" అని నాతోనే అంది. పిల్లికి ఆ రోజుతో పని తప్పింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్లు అయిపోయాక మిగిలిన దూరంలో ఆలోచన మొదలైంది. ఆ దిమ్మకు బలమిచ్చింది మన్ను కాదు, గంజీ బెల్లమూ. అయితే మన్ను సంగతి వదిలేద్దాం. మంచి మన్ను మా దగ్గర ఉండనే ఉంది, గుజరాత్‌ది. దానికి ఇవి కలిపితే ఏమవుతుంది? ఇదేమీ కొత్త విద్య కాదు. బెల్లపు మడ్డి, పిండి గంజి ఇసుకలో కలుపుతారని నా చదువు పుస్తకాల్లోనే ఉంది. ఇంగ్లీషులో చదివాను కాబట్టి అది మన వంటింట్లో ఉండే వస్తువని తోచలేదు.

మా మోల్డులకు ఒక పాత జబ్బు ఉండేది. పంపు బాడీ లోపలి భాగానికి ఆకారమిచ్చే సన్నటి ఇసుక అంచులు, మంటతో ఆరబెట్టాక, పొడిపొడిగా రాలేవి. రాలిన ఇసుక ఇనుములో కలిసి పోతలో మచ్చలు పడేవి. మేస్త్రి చేతి తప్పు అని కొందరు, ఎండల తప్పు అని కొందరు అనేవాళ్లు. గది ఖాళీ చేసే లోపల అదొక్కటి చూద్దామనుకున్నాను. బ్యాగు మన్ను ఇసుకలో చిటికెడు రాగిపిండి, కొద్దిగా బెల్లం నీళ్లు కలిపి దిమ్మలు కట్టాను. ఎక్కువైతే పొగ, తక్కువైతే వృథా. ఈసారి అన్ని పరీక్షలూ చేశాను. ఎర్రగా కాల్చి ఎంత తగ్గిందో చూశాను, గాలి ఎంత వదులుతుందో చూశాను. కిటికీ తెరిచే ఉంచాను. పాళ్లు కుదిరే సరికి నా సామాను సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. మేనేజరు తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి గోడ తట్టి చూసిపోయాడు.

ఓనరు దగ్గరికి పోయి మొత్తం చెప్పాను. ఏ ఊరి మన్నుకు ఏం లోపమో, ధర్మవరం ఉండల్లో ఏముందో, ఆ పరీక్ష చేయనిది నా తప్పేనని, అన్నీ. ఆయన చాలాసేపు విన్నాడు.

"అంటే మా కంపెనీకి శాండ్ ల్యాబు మీ అత్తగారి వంటింట్లో ఉండాదన్నమాట."

"ఆమె జల్లెడ పట్టింది సార్. నేను అదీ పట్టలేదు."

"మన్ను దొరకలేదు కదా?"

"దొరకలేదు సార్. మనకు సరిపడేది ఇంతవరకు ఈ చుట్టుపక్కల నాకు కనిపించలేదు. కానీ అంచులు రాలడం ఆపగలను. రెండు పెట్టెలు పోసి చూడండి."

రెండు పెట్టెలు కట్టారు. మేస్త్రి అచ్చు తీశాడు. అంచులు నిలబడ్డాయి. మంట చూపించి ఆరబెట్టాక వేలితో గీరి చూశాడు, గీత పడలేదు. ఇనుము పోస్తుంటే షెడ్డంతా పాకం వాసన కమ్మింది. పొద్దుట్నుంచి ఏమీ తినని మోల్డరు ఒకాయన, "ఇదేమప్పా, పని చేయనిచ్చేట్ల లేదే" అని పొట్ట తడుముకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా పాకం పడుతుంటే నాకు నోరు ఊరదు, కళ్ల ముందు ఎర్రటి ఇనుము కదులుతుంది. విప్పి చూస్తే పంపు బాడీ లోపలంతా శుభ్రంగా ఉంది. ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు కాకుండా మేనేజరు వైపు తిరిగి, "గోడ సంగతి వదిలెయ్యి" అన్నాడు.

నేను అట్టపెట్టెలు విప్పుకున్నాను. ఆ ధర్మవరం బీడులో ఇప్పుడు కల్యాణమండపం కట్టారు. అత్తకు చూపు తగ్గింది, మామ మగ్గం దిగాడు. మన్ను పట్టుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ రోజు అట్టపెట్టెలోంచి తక్కెడ బయటికి తీసి మళ్లీ బల్ల మీద పెట్టుకున్నప్పుడు కలిగినంత తృప్తి నాకు ఇల్లు కట్టుకున్నప్పుడు కూడా కలగలేదు.

అయితే ఇంకో పని మిగిలింది. సరుకు తెప్పించడం పర్చేజ్ మేనేజరు బాధ్యత. అన్నాళ్లు లారీలకు ఫోన్లు చేసిన పెద్దమనిషి ఇప్పుడు బెల్లం మండీకి పోయి, దిమ్మలు గిల్లి చూసి, బేరమాడి తేవాలి. తెచ్చాడు. తెచ్చి ఓనరు ముందే నన్ను అడిగాడు, "ఇవి యాడ పెట్టల్లప్పా?"

నేను నింపాదిగా, పద్ధతి ప్రకారం చెప్పాను. బెల్లానికి తేమ తగలకూడదు, కరిగిపోతుంది. మోల్డింగు షెడ్డులో పెడితే నీళ్లూ ఆవిరీ. బ్యాగుల షెడ్డు వానకు కారుతుందని మీరే అన్నారు. నా గదిలో ఓవెను వేడి. చల్లగా, పొడిగా ఉండే జాగా ఈ ఫౌండ్రీలో ఒక్కటే ఉంది, ఏసీ ఉన్న గది. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఓనరు తలూపి, "అవును, ఆడనే పెట్టు" అన్నాడు.

వారం తిరక్కుండా మొదటి చీమ వచ్చింది. దాని వెనక ఊరు ఊరంతా వచ్చింది. కిటికీ సందులోంచి గోడ మీదుగా, బీరువా కిందుగా, బల్ల కాలు ఎక్కి, ఆయన టీ గ్లాసు చుట్టూ ప్రదక్షిణం చేసి బెల్లం బస్తాల్లోకి. ఆయన కాళ్లు కుర్చీ మీదికి మడుచుకుని ఫోన్లు మాట్లాడుతుంటే అద్దాల తలుపులోంచి నాకు కనిపించేది. ఒకరోజు చొక్కా దులుపుకుంటూ నా గది దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఈసారి గది కొలతలు చూడలేదు.

"ఏమప్పా, ఈ చీమలకు ఏమన్నా ఉపాయం చెప్పు."

"శాంపిలు పంపించండి సార్" అన్నాను. "పరీక్షించి చెప్తాను."